డిస్క్‌కు అరగంట, అక్షరానికి ఆర్నెల్లు

ఆరో తరం కోర్ ఐ3, 4 జీబీ ర్యామ్, నిమిషానికి 5,400 చుట్లు తిరిగే 1 టీబీ హార్డ్ డిస్క్. 2016, 17 ప్రాంతంలో మన ఊళ్లలో అమ్ముడైన ల్యాప్‌టాప్‌లలో చాలావాటి జాతకం ఇదే. హనుమకొండలో ఇంటి దగ్గర కూర్చుని పుస్తకాలకు డీటీపీ చేసే ఒకామె దగ్గరున్నదీ అలాంటిదే. కవితా సంపుటాలు, సిద్ధాంత గ్రంథాలు, పెళ్లి కార్డులు, కరపత్రాలు అన్నీ దానిమీదే. స్విచ్ నొక్కి, వంటింట్లోకి వెళ్లి టీ పెట్టుకుని వచ్చేసరికి కూడా తెర మీద చుక్కలు తిరుగుతూనే ఉండేవి. కొత్తది కొందామనుకుని, ఎందుకైనా మంచిదని ముందు రిపేరు కుర్రాడికి చూపించింది.

“డిస్క్ ఖరాబ్ కాలే అక్కా, దాని స్పీడే గంత. ఎస్‌ఎస్‌డీ ఏస్తే కొత్తదాని లెక్క ఉరుకుతది” అన్నాడు.

ఆ మాటకు లెక్క ఉంది. నిమిషానికి 5,400 చుట్లంటే సెకనుకు 90. కావలసిన సమాచారం ఉన్న చోటు తిరుగుతూ హెడ్ కిందికి రావాలంటే సగటున అర చుట్టు ఆగాలి, అంటే ఐదున్నర మిల్లీసెకన్లు. అంతకుముందు హెడ్ ఆ వరుస దగ్గరికి జరగడానికి మరో పది పన్నెండు. ఈ లెక్కన చెల్లాచెదురుగా ఉన్న ముక్కల్ని సెకనుకు అరవై డెబ్బైకి మించి అందుకోలేదు. విండోస్ లేచేటప్పుడేమో వేల కొద్దీ చిన్న ఫైళ్లు కావాలి. 1956లో ఐబీఎం 24 అంగుళాల పళ్లేలు 50 పేర్చి ర్యామ్యాక్ అనే మొదటి హార్డ్ డిస్క్ చేసినప్పటి నుంచీ ఈ పద్ధతి ఇదే. 1980లలో తోషిబాలో ఫుజియో మసుఓకా కనిపెట్టిన ఫ్లాష్ మెమరీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. ఆ ఫ్లాష్‌తోనే చేసిన ఎస్‌ఎస్‌డీకి ఒక్కో ముక్క తేవడానికి మిల్లీసెకనులో పదో వంతు చాలు. ప్రాసెసర్ అదే, తెర అదే, అయినా మనిషి కూర్చుని ఎదురుచూసే సమయం మాత్రం కరిగిపోతుంది.

పని కష్టమైంది కాదు, ఓపిక కావాలి. ల్యాప్‌టాప్‌ను బోర్లా వేసి స్క్రూలు విప్పాలి. అన్నీ ఒకే పొడవు ఉండవు, పొడుగుది పొట్టిదాని చోట బిగిస్తే పైనున్న ప్లాస్టిక్ ఉబ్బుతుంది. అందుకే కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే పెట్టుకోవడం మంచిది. కొన్ని మోడళ్లలో రబ్బరు కాళ్ల కింద, డీవీడీ డ్రైవ్ కింద కూడా స్క్రూలు దాక్కుని ఉంటాయి. పాత ఏటీఎం కార్డు అంచుతో మూత చుట్టూ మెల్లగా లేపితే టక్‌టక్‌మని క్లిప్పులు వదులుతాయి. మూత రాగానే మొట్టమొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. తర్వాతే డిస్క్. దాన్ని పట్టుకున్న రేకు చట్రం నాలుగు స్క్రూలు తీసి కొత్త ఎస్‌ఎస్‌డీకి బిగించి, సాటా కనెక్టర్‌లోకి నెట్టడమే. ఎం.2 స్లాట్ ఉన్న మోడలైతే, అది సాటాదా ఎన్‌వీఎంఈదా అన్నది కొనేముందే చూసుకోవాలి, రెండూ చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి. ఆమె 4 జీబీ ర్యామ్‌ను కూడా 8 చేయించింది. మొత్తం అరగంట.

అసలు ప్రశ్న అప్పుడొచ్చింది: ఈ ఖాళీ డిస్క్‌లో ఏం వేయాలి? 2015 జులైలో వచ్చిన విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. నమోదు చేసుకున్నవాళ్లకు మాత్రం ఆ తర్వాత కొంతకాలం భద్రతా అప్‌డేట్లు, అంతే. విండోస్ 11కు టీపీఎం 2.0 చిప్ కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే. ఆరో తరానికి తలుపు మూసేశారు. అడ్డదారులున్నాయి గానీ వాటికి కంపెనీ పూచీ లేదు. నిక్షేపంలా పనిచేసే యంత్రాన్ని కేవలం పుట్టిన ఏడాది చూసి పక్కన పెట్టమనడం అన్యాయం, నెలల తరబడి కూడబెట్టిన డబ్బుతో కొనుక్కునే మన దగ్గర మరీ అన్యాయం.

విండోస్ బదులు ఆమె లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేయించుకుంది. 2024లో వచ్చిన 22వ వెర్షన్, ఉబుంటు 24.04 మీద కట్టింది, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. దీనిలో గొప్ప సౌకర్యం ఒకటుంది. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, డిస్క్‌లో ఏమీ వేయకుండానే, వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో ముందే చూసుకోవచ్చు. పాత డిస్క్ అప్పటికే బయటికొచ్చేసింది కాబట్టి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఏదో చెరిగిపోతుందన్న భయమూ లేదు. ఆ డిస్క్‌ను యూఎస్‌బీ కేస్‌లో పెట్టి, ముట్టుకోకుండా దాచుకోవాలి. అయితే దాన్ని తీసేముందు రెండు పనులు తప్పనిసరి. బిట్‌లాకర్ వేసి ఉంటే దాని 48 అంకెల రికవరీ కీ రాసి పెట్టుకోవాలి. ఆఖరిసారి విండోస్‌ను షిఫ్ట్ నొక్కిపట్టి షట్ డౌన్ చేయాలి, లేకపోతే అది సగం నిద్రలో ఆగి, లినక్స్‌లో ఆ డిస్క్ చదవడానికే తప్ప రాయడానికి తెరుచుకోదు.

మొదటి వారం చేతికి అన్నీ అడ్డమే. సీ డ్రైవ్, డీ డ్రైవ్ లేవు, అన్నీ హోమ్ ఫోల్డర్‌లోనే. ఇంటర్నెట్‌లో దొరికిన సెటప్ ఫైల్ దించుకుని నొక్కే అలవాటు మానాలి, సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో వెతుక్కోవాలి. ఏది వేసినా పాస్‌వర్డ్ అడుగుతుంది. పెద్ద ఎఫ్‌తో మొదలైన ఫైనల్, చిన్న ఎఫ్‌తో మొదలైన ఫైనల్ వేర్వేరు ఫైళ్లు. ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టేవాళ్లకు ఆ బాధే లేదు. ఇవన్నీ పది పదిహేను రోజుల్లో వేళ్లకు వచ్చేస్తాయి.

టైపింగ్ గురించి ఆమె ఎక్కువ భయపడింది. డీటీపీవాళ్లలో చాలామందికి అను స్క్రిప్ట్ అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆపిల్ అనే కీబోర్డు లేఅవుట్ అలవాటు. ఆ వేళ్లతో మళ్లీ ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోవడమంటే ఏళ్ల వేగం పోగొట్టుకోవడమే. లినక్స్‌లో టైపింగ్ భాషలు మార్చే ఐబస్‌కు, లేఅవుట్ల కట్ట ఎం17ఎన్ చేర్చి చూస్తే తెలుగు కింద ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతనతో పాటు ఆపిల్ కూడా ఉంది! ఎవరో ఈ లేఅవుట్‌ను ఓపికగా రాసిపెట్టి అందరికీ వదిలేశారు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థవాళ్లు ఆపరేటింగ్ సిస్టమ్‌నే తెలుగులోకి తెచ్చారు. ఇలాంటి పని చేసినవాళ్ల పేర్లు సాధారణంగా ఎవరికీ తెలియవు. తెలుగు టైపు చేసే ప్రతి ఒక్కరూ వాళ్లకు రుణపడి ఉన్నారు.

వేళ్లు గట్టెక్కాయి. ఫైళ్లు మునిగాయి. పాత డిస్క్‌లో ఉన్న పుస్తకం ఒకటి తెరిస్తే, కవిత ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు, నెత్తిన గుర్తులున్న యూరప్ అచ్చులు. అను ఫాంట్లలో దాచింది తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌ల మీద తెలుగు బొమ్మలు అతికించారు, అదీ ముక్కలుగా: తలకట్టు ఒకటి, గుడి ఒకటి, వొత్తు ఒకటి. ఆ ఫాంట్ లేనిచోట బొమ్మ పోయి కోడ్ మిగులుతుంది. తెలుగుకు 1991లో యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే చోటు దొరికింది, 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ వచ్చింది. అయినా ముద్రణ రంగం పేజ్‌మేకర్‌నూ అనునూ వదల్లేదు. వదలకపోవడానికి కారణం ఉంది: పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్లు చాలాకాలం యూనికోడ్ వొత్తుల్ని సరిగ్గా కూర్చలేకపోయాయి. ఉచితంగా దొరికే స్క్రైబస్‌కు ఆ సామర్థ్యం 1.5.3లో వచ్చింది, స్థిరమైన 1.6 వెర్షన్ 2024 జనవరిలో విడుదలైంది.

అందుకే ఆమె ఇప్పుడు పాత పుస్తకాల్ని కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌లోకి మారుస్తోంది. మార్చింది మార్చినట్టు వాడడానికి ఉండదు. రవొత్తు పక్క అక్షరానికి అంటుకుంటుంది, క్ష విడిపోతుంది, కొన్నిచోట్ల దీర్ఘం మాయమవుతుంది. పేజీ పేజీ ప్రూఫ్ చూడాల్సిందే. నెలలు పట్టే పని, డబ్బులొచ్చే పని కాదు. రెండో ముద్రణకు వచ్చేవి ముందు పెట్టుకుంది, రచయితలు ఇక లేనివి తర్వాతి వరుసలో.

కొత్త పుస్తకాలు మాత్రం నేరుగా స్క్రైబస్‌లోనే. గౌతమి మైక్రోసాఫ్ట్ సొత్తు, లినక్స్‌తో రాదు. సిలికానాంధ్ర ఉచితంగా వదిలిన మండలి, సూరన్న, రామభద్ర గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి, ఏ సిస్టమ్‌లోనైనా ఒకేలా పడతాయి. ప్రెస్‌వాళ్లు మొదట పేజ్‌మేకర్ ఫైలే కావాలని పట్టుబట్టారు. ఫాంట్లు లోపలే ఇమిడ్చిన పీడీఎఫ్ పంపి, ఒక ఫారం, అంటే ఒక విడత పేజీలు, అచ్చు తీయించి చూపించింది. వొత్తులన్నీ ఉన్నాయని వాళ్లే లెక్కచూసుకుని, మిగతా ఫారాలు కూడా అలాగే పంపమన్నారు.