వెలుగు లేని నడక: క్రైస్తవ లేఖనంలో రెండు చీకట్లు

వెలుగు, చీకటి అనే జంట క్రైస్తవ లేఖనపు రెండు కొసలలోనూ కనిపిస్తుంది. ఆదికాండము తొలి అధ్యాయంలో దేవుని మొదటి పలుకు వెలుగును గురించినది. ప్రకటన గ్రంథపు చివరి అధ్యాయం రాత్రి ఎరుగని పట్టణాన్ని వర్ణిస్తుంది. ఈ రెండింటి నడుమ ఉన్న చరిత్రలు, కీర్తనలు, ప్రవచనాలు, సువార్తలు, పత్రికలలో ఈ జంట పదేపదే ఎదురవుతుంది. ఇంతటి పరిచయం వల్లనే దీనికి ఒక స్థిరమైన వ్యాఖ్యానం ఏర్పడింది. వెలుగు అంటే దేవుడు, సత్యం, విశ్వాసం. చీకటి అంటే పాపం, అజ్ఞానం, అవిశ్వాసం. బోధల్లోనూ ప్రార్థనల్లోనూ ఈ సమీకరణం ప్రశ్నకు తావులేనిదిగా చెల్లుబాటవుతున్నది.

అయితే నిత్యజీవితంలో ఈ సమీకరణం ఒక చిక్కును తెచ్చిపెడుతుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి, దీర్ఘవ్యాధితో మంచం పట్టిన మనిషి, ఎంత ప్రార్థించినా జవాబు దొరకని విశ్వాసి తమ స్థితిని చెప్పుకోవడానికి వాడేది చీకటి అనే మాటనే. చీకటి అంటే అవిశ్వాసమే అయిన పక్షంలో వారి దుఃఖమే వారి నేరమవుతుంది. తెలుగు నుడికారం ఈ విషయంలో ఎక్కువ జాగ్రత్త చూపింది. ‘చీకటి పనులు’ అన్నప్పుడు నింద ఉంది. ‘బతుకు చీకటైపోయింది’ అన్నప్పుడు జాలి ఉంది. మొదటిది మనిషి చేసేది, రెండవది మనిషికి సంభవించేది. లేఖనంలోనూ ఈ రెండు చీకట్లు వేర్వేరుగా ఉన్నాయనీ, వాటిని విడదీసే కొలబద్దను లేఖనమే అందిస్తున్నదనీ తెలుగు పరిశుద్ధ గ్రంథంలోని కొన్ని పదప్రయోగాల ఆధారంగా నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

గ్రహించడం, కమ్ముకోవడం

యోహాను సువార్త తొలి అధ్యాయం అయిదవ వచనంలో వెలుగు చీకటిలో ప్రకాశిస్తుంది. ఆ వెలుగు పట్ల చీకటి చేయలేకపోయిన పనిని గ్రీకు మూలం ‘కతలంబానో’ అనే క్రియతో చెబుతుంది. పట్టుకోవడం, వెంటాడి చిక్కించుకోవడం, లొంగదీసుకోవడం, బుద్ధితో అందుకోవడం అనే అర్థాలన్నీ ఆ క్రియకు ఉన్నాయి. అందువల్ల చీకటి వెలుగును అర్థం చేసుకోలేకపోయిందా, జయించలేకపోయిందా అనే చర్చ వ్యాఖ్యాతలలో ప్రాచీనకాలం నుంచీ సాగుతున్నది. ఈ చోట విస్తృత ప్రచారంలో ఉన్న తెలుగు అనువాదం ‘గ్రహించు’ అనే క్రియను ఎన్నుకొంది.

ఈ ఎన్నిక గమనించదగినది. నేటి వాడుకలో గ్రహించడమంటే తెలుసుకోవడం. కాని ఆ పదానికి మూలమైన సంస్కృత ధాతువుకు పట్టుకోవడమనే అర్థం ప్రధానం. సూర్యచంద్రులకు పట్టే గ్రహణంలో ఉన్నది ఆ అర్థమే. అక్కడ చీకటి వెలుగును తెలుసుకోదు, మింగజూస్తుంది. కనుక ‘గ్రహించు’ అనే పదం గ్రీకు క్రియలోని రెండర్థాలనూ నిలుపుకొన్న పదం. అయినా తెలుగు పాఠకునికి ఒక అర్థమే తడుతుంది. అజ్ఞానాంధకారం, జ్ఞానజ్యోతి వంటి సమాసాలకు అలవాటుపడిన చెవి ఈ వచనంలో తెలివికి, తెలివిలేమికి సంబంధించిన విషయాన్నే వింటుంది.

అదే సువార్త పన్నెండవ అధ్యాయం ముప్పై అయిదవ వచనంలో ఇదే గ్రీకు క్రియ మళ్లీ వస్తుంది. అక్కడ వెలుగు ఉన్నంతలో నడవమని యేసు జనులను హెచ్చరిస్తాడు. లేనిపక్షంలో చీకటి వారి మీదికి వస్తుంది. ఈ చోట తెలుగు అనువాదం ‘కమ్ముకొను’ అనే మాటను వాడింది. మబ్బు కమ్మినట్లు, నిద్ర కమ్మినట్లు చీకటి కమ్ముతుంది. మూలంలోని ఒకే క్రియ తెలుగులో రెండు క్రియలుగా చీలిపోయింది. ఫలితంగా తొలి అధ్యాయంలోని చీకటి అజ్ఞానంగాను, పన్నెండవ అధ్యాయంలోని చీకటి ఒక బలంగాను తెలుగు పాఠకునికి కనిపిస్తాయి. రెండు వచనాలనూ కలిపి చదివినప్పుడు యోహాను ఉద్దేశం స్పష్టమవుతుంది. చీకటి మనిషిని కమ్మగలదు గాని వెలుగును పట్టి లొంగదీసుకోలేదు. చీకటి కమ్మిన మనిషి, చీకటికి లొంగని వెలుగు ఒకేచోట ఉండే అవకాశాన్ని ఈ సువార్త ఆరంభంలోనే తెరచి ఉంచింది.

ఒకే రాత్రి, రెండు దిక్కులు

యోహాను సువార్తలో రాత్రి కాలసూచన మాత్రమే కాదు. మూడవ అధ్యాయంలో నీకొదేము రాత్రివేళ యేసు వద్దకు వస్తాడు. పదమూడవ అధ్యాయంలో ఇస్కరియోతు యూదా రొట్టె ముక్క పుచ్చుకొని బయటికి వెళతాడు. అప్పుడు రాత్రి అని సువార్తికుడు అతి క్లుప్తంగా చెబుతాడు. ఇద్దరి చుట్టూ ఉన్నది రాత్రే. ఒకడు చీకటిలోనుంచి వెలుగు వైపు నడిచాడు. మరొకడు వెలుగు ఉన్న గదిలోనుంచి చీకటిలోకి నడిచాడు. నీకొదేము ఆ రాత్రి అంతా అర్థం చేసుకొని వెళ్లాడని సువార్త చెప్పదు. అతని ప్రశ్నలు ప్రశ్నలుగానే మిగిలాయి. అయినా పందొమ్మిదవ అధ్యాయంలో యేసు దేహాన్ని సమాధి చేయడానికి సుగంధద్రవ్యాలతో వచ్చినవాడు అతడే. మనిషి చుట్టూ ఎంత చీకటి ఉన్నదన్నదాని కంటే అతని అడుగు ఏ దిక్కుకు పడుతున్నదన్నదే యోహానుకు ముఖ్యం.

తొమ్మిదవ అధ్యాయంలోని పుట్టుగుడ్డివాని వృత్తాంతం ఈ విషయాన్ని ఇంకా సూటిగా చెబుతుంది. ఆ మనిషిని చూడగానే శిష్యులు అడిగిన ప్రశ్న, ఎవరి పాపం వల్ల ఇతడు ఇలా పుట్టాడని. సంభవించిన చీకటిని చేసిన చీకటిగా లెక్కగట్టే అలవాటుకు ఆ ప్రశ్న ఒక ఉదాహరణ. ఆ లెక్కను యేసు తిరస్కరిస్తాడు. సిలోయము కోనేటిలో కడుగుకొని అతడు చూపుతో తిరిగివచ్చిన తర్వాత కథ ముగియదు. చూపు ఉన్నదని చెప్పుకొనే పరిసయ్యుల మీదనే అధ్యాయం చివర పాపం నిలుస్తుంది. చూపు లేనివాడు నిర్దోషి. చూపు ఉన్నదనే ధీమా కలవాడు దోషి. వెలుగు, చీకటి, విశ్వాసం, పాపం అనే నాలుగు మాటలను సులువుగా జతకట్టే సమీకరణం ఈ అధ్యాయం ముందు నిలవదు.

గాఢాంధకారం, బంధువర్గం

యోహానులో ఒక మూలపదం తెలుగులో రెండయితే, పాత నిబంధనలో ఇందుకు విపర్యయం కనిపిస్తుంది. నిర్గమకాండము ఇరవయ్యవ అధ్యాయంలో ప్రజలు దూరంగా నిలిచి ఉండగా మోషే ఒక్కడే దేవుడున్న దట్టమైన చీకటిని సమీపిస్తాడు. అక్కడి హీబ్రూ పదం ‘అరాఫెల్’. మేఘం కమ్మిన చీకటి అని దాని భావం. ఇరవై మూడవ కీర్తనలో కాపరి తోడుగా గొఱ్ఱె దాటే లోయను చెప్పే హీబ్రూ పదం ‘సల్మావెత్’. దానిని మరణచ్ఛాయ అని సంప్రదాయం అర్థం చేసుకొంది. మూలంలో వేరైన ఈ రెండు పదాలకూ తెలుగు అనువాదం ‘గాఢాంధకారము’ అనే ఒకే మాటను వాడింది. భాషాశాస్త్ర దృష్టితో ఇది సూక్ష్మభేదాన్ని చెరిపివేయడమే. కాని చదువరికి దీనివల్ల అనుకోని మేలు కలిగింది. మృత్యువు నీడ పడిన లోయ, దేవుడు నెలవై ఉన్న కొండ ఒకే పేరుతో తెలుగు విశ్వాసికి పరిచయమయ్యాయి. లోయలో నడిచేవాడు కొండ మీది మోషేకు దూరపువాడు కాడనే ధ్వని తెలుగు పాఠంలోనే పుట్టింది.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశం ఉంది. దేవుడు వెలుగనీ ఆయనలో చీకటి ఎంతమాత్రం లేదనీ యోహాను మొదటి పత్రిక ప్రకటిస్తుండగా, గాఢాంధకారంలో దేవుడు ఉండడం ఎలా పొసగుతుంది? పత్రికలో ఆ ప్రకటన వెనువెంటనే వచ్చేది మనుషుల నడవడిని గురించిన మాట. అక్కడి చీకటి నైతికమైనది. నిర్గమకాండములోని చీకటి మానవ దృష్టికి ఉన్న హద్దు. తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక దేవుని నివాసాన్ని సమీపింపరాని తేజస్సుగా వర్ణించింది. చూడలేని కంటికి అతికాంతి, అతితిమిరం ఒకటే. కనుక ఈ రెండు వాక్యాలు రెండు వేర్వేరు విషయాలను చెబుతున్నాయే తప్ప ఒకదానినొకటి ఖండించుకోవు.

ఎనభై ఎనిమిదవ కీర్తన మరింత కఠినమైనది. విలాప కీర్తనలు చాలావరకు చివరికి నమ్మకం వైపో స్తుతి వైపో మళ్లుతాయి. ఇది మళ్లదు. హీబ్రూలో ఈ కీర్తన చిట్టచివరి పదం చీకటిని తెలిపేదే. ఆ చివరి వచనంలో ఆప్తులందరూ దూరమైన మనిషికి మిగిలిన తోడును తెలుగు అనువాదం ‘బంధువర్గము’ అనే మాటతో చెప్పింది. పెండ్లికీ చావుకీ ఇంటి నిండా చుట్టాలు చేరే సమాజంలో చీకటే చుట్టమై మిగలడమంటే ఏమిటో ఆ ఒక్క మాట చెబుతుంది. దేవుని సంబోధిస్తూనే, ఓదార్పు పొందకుండానే ముగిసిన ఈ ప్రార్థనను ప్రార్థనల గ్రంథంలో చేర్చిన సంకలనకర్తలు చీకటిని అవిశ్వాసంగా భావించలేదన్నది స్పష్టం.

ఒకే క్రియ, రెండు నిర్ణయాలు

ఈ రెండు చీకట్లను పదాన్ని బట్టి విడదీయవచ్చునా? అది సాధ్యం కాదని రెండు వాక్యాల పోలిక తెలుపుతుంది. యోహాను మొదటి పత్రిక తొలి అధ్యాయం ప్రకారం దేవునితో సహవాసం ఉన్నదని చెప్పుకొంటూ చీకటిలో నడిచేవాడు అబద్ధికుడు. యెషయా యాభైయవ అధ్యాయం పదవ వచనంలోనూ చీకటిలో నడిచేవాడే ఉన్నాడు. కాని అతడు దేవునికి భయపడేవాడు, సేవకుని మాట వినేవాడు. అయినా అతనికి వెలుగు లేదు. అతనిని ప్రవక్త నిందించడు, దేవుని నామాన్ని ఆశ్రయించమంటాడు. ఆ తరువాతి వచనంలో తీర్పు పొందేది తమంతట తాము నిప్పు రాజబెట్టుకొని ఆ మంటల వెలుగులో నడిచేవారు. చీకటిలో ఉన్నవానికి ఆదరణ, సొంత వెలుగు కలవారికి హెచ్చరిక. నడవడమనే క్రియ రెండు చోట్లా ఒకటే. నిర్ణయాలు మాత్రం పూర్తిగా వేరు.

తేడాను చూపే కొలబద్ద యోహాను పత్రిక రెండవ అధ్యాయంలో ఉంది. సహోదరుని ద్వేషించేవాడు చీకటిలో ఉన్నాడు, చీకటిలో నడుస్తున్నాడు, ఆ చీకటే అతని కన్నులకు గుడ్డితనం కలిగించింది. సహోదరుని ప్రేమించేవాడు వెలుగులో ఉన్నాడు. ఇక్కడ వెలుగుకు గుర్తు హృదయంలో కలిగే అనుభూతి కాదు, సిద్ధాంతజ్ఞానం కాదు, ప్రార్థనకు దొరికిన జవాబు కాదు; పక్కనున్న మనిషితో వ్యవహారం. యెషయా చెప్పిన భక్తునికి అనుభూతిలో వెలుగు లేకపోవచ్చు. సహోదరుని పట్ల అతనికి ద్వేషం లేనంతవరకు యోహాను పత్రిక అతనిని చీకటివానిగా లెక్కించదు. అనుభూతిలో ఎంతో కాంతి ఉన్నదని చెప్పుకొనేవాడు పొరుగువానిని దూరం పెడితే, అదే పత్రిక అతనిని చీకటిలో నిలుపుతుంది.

నిత్యవిశ్వాసంలో

ఈ భేదానికి ఆధునిక కాలంలో బలమైన సాక్ష్యం మదర్ థెరిసా లేఖలు. ఆమె మరణించిన పదేళ్లకు, 2007లో వెలువడిన ఆ లేఖల సంపుటి, దాదాపు అర్ధ శతాబ్దం పాటు ఆమె అంతరంగంలో దేవుని సన్నిధి తెలియని చీకటి కొనసాగిందని వెల్లడించింది. ఆమె విశ్వాసం బూటకమని కొందరు విమర్శకులు దానిని వ్యాఖ్యానించారు. చీకటి అంటే అవిశ్వాసమనే సమీకరణం నుంచి పుట్టిన విమర్శ అది. అదే కాలంలో కోల్‌కతా వీధుల్లో మరణాసన్నులకు ఆమె చేసిన పరిచర్యను యోహాను పత్రిక కొలబద్దతో చూస్తే నిర్ణయం వేరవుతుంది. వెలుగు తనకు తెలియకపోవడం వేరు, వెలుగులో లేకపోవడం వేరు.

తెలుగు క్రైస్తవుల ఆచారాలలోనూ ఈ వివేకం దాగి ఉంది. పునరుత్థాన పండుగనాడు అనేక సంఘాలవారు తెల్లవారకముందే సమాధుల తోటకు వెళతారు. తమవారి సమాధులను పూలతో అలంకరించి కొవ్వొత్తులు వెలిగిస్తారు. సువార్తల మధ్య ఈ సందర్భంలో ఒక భేదం ఉంది. మార్కు ప్రకారం స్త్రీలు సమాధి వద్దకు వచ్చేసరికి సూర్యుడు ఉదయించాడు. యోహాను ప్రకారం మగ్దలేనే మరియ వచ్చేసరికి ఇంకా చీకటే. ఆనాటి వేకువ ఆరాధన యోహాను గడియారాన్ని అనుసరిస్తుంది. వెలుగు వచ్చాక బయలుదేరడం కాదు, చీకటి ఉండగానే బయలుదేరడం అందులోని విశ్వాసం. సమాధి మీది కొవ్వొత్తి దుఃఖాన్ని తోసిపుచ్చదు, దాని పక్కన నిలుస్తుంది.

ముగింపు

లేఖనంలోని చీకటి ఒకే అర్థం గల సంకేతం కాదు. మనిషి ద్వేషంతో కల్పించుకొనే చీకటి ఒకటి. దుఃఖంగా, మౌనంగా, దైవరహస్యంగా అతనిని కమ్మే చీకటి మరొకటి. మొదటిదానికి లేఖనం తీర్పు చెబుతుంది, రెండవదానిలో తోడు నిలుస్తుంది. వీటిని కలగలిపినప్పుడు రెండు అన్యాయాలు జరుగుతాయి. దుఃఖితుడు అవిశ్వాసిగా ముద్రపడతాడు. ద్వేషించేవాడు తన ఆరాధనానుభవాన్ని చూపి వెలుగువానిగా చెలామణి అవుతాడు. ‘గ్రహించు’, ‘కమ్ముకొను’, ‘గాఢాంధకారము’, ‘బంధువర్గము’ అనే నాలుగు తెలుగు పదాలు మూలానికి ఎంత దగ్గరగా ఉన్నాయన్న ప్రశ్నతో పాటు, తెలుగు చదువరికి ఏ అర్థాలను తెరిచాయన్నదీ పరిశీలించదగినదే. ‘చీకటి పనులు’, ‘చీకటి బతుకు’ అనే తేడా ఎరిగిన భాషలో ఆ లేఖనాన్ని చదివేవారు ఎదుటివాని చీకటికి పేరు పెట్టేముందు అది ఈ రెండింటిలో ఏదో విచారించవలసి ఉంటుంది.