బెర్లిన్ రంగస్థలం, బొడ్డపాడు జముకు

యాయెల్ రోనెన్ పేరు తెలుగు నాటకాభిమానుల్లో చాలామంది విని ఉండరు. సుబ్బారావు పాణిగ్రాహి పేరు మాత్రం ఎవరికీ పరిచయం చెయ్యనక్కర్లేదు. ఆమె 1976లో జెరూసలేంలో పుట్టి, హీబ్రూ నాటకరంగంలో పేరు తెచ్చుకుని, తర్వాత బెర్లిన్‌లో స్థిరపడిన నాటకకర్త, దర్శకురాలు. ఆయన ఒరియా బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, ఉద్దానం బొడ్డపాడులో గుడి పూజారిగా ఉంటూ తెలుగులో జముకుల కథలు కట్టి పాడిన కవి. 1969 డిసెంబర్ 22న తూర్పు కనుమల్లో పోలీసుల తూటాలకు చనిపోయాడు. ఎక్కడి బెర్లిన్, ఎక్కడి బొడ్డపాడు అనేవాళ్లు తప్పకుండా ఉంటారు. నేను వీళ్లను పక్కపక్కన పెట్టి చూడటానికి కారణం సిద్ధాంతం కాదు. తనది కాని నేల మీద, తల్లి నేర్పని భాషలో, నలుగురి గొడవను నలుగురి ముందు ఆడి చూపించాల్సి వచ్చినప్పుడు కళాకారుడు తనను తాను ఎక్కడ నిలబెట్టుకుంటాడు? ఈ ప్రశ్న ఇద్దరికీ ఎదురైంది. ఆమె తనను తీసుకొచ్చి నట్టనడుమ నిలబెట్టుకుంది. ఆయన తనను కనబడకుండా చేసుకున్నాడు.

రోనెన్‌కి నాటకం ఇంటి ఆస్తి. తండ్రి ఇలాన్ రోనెన్ దర్శకుడు, ఇజ్రాయెల్ జాతీయ నాటకశాల హబీమాకి కళాదర్శకుడిగా చేశాడు. తల్లి నటి, తమ్ముడు మైఖేల్ కూడా దర్శకుడే. ఆ హబీమా పుట్టింది ఇజ్రాయెల్‌లో కాదు, 1917లో మాస్కోలో. ఊళ్లు తిరిగి తిరిగి 1931లో టెల్ అవీవ్ చేరింది. వలస వచ్చిన నాటకశాల ఒక జాతికి పెద్దదిక్కు కావడం మనకు కొత్తేమీ కాదు. మరాఠీ మూలాలున్న తోలుబొమ్మలాట కుటుంబాలు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’ ఆడితేనే కదా మనకు సురభి దక్కింది. కాబట్టి రోనెన్ బెర్లిన్ వెళ్లడాన్ని ఇల్లు విడిచి వెళ్లడంగా మాత్రమే చూస్తే సగమే చూసినట్టు. ఆమె పుట్టిన ఇల్లే చక్రాల మీద వచ్చింది.

పాణిగ్రాహికి అలాంటి వారసత్వం లేదు. జముకుల కథ ఉత్తరాంధ్ర పల్లెల సొత్తు. తోలు బిగించిన పాత్రలోంచి సాగిన తంతిని మీటుతుంటే, ముందు ఒకడు కథ చెబుతాడు, వెనక వంత పలుకుతారు. గ్రామదేవతల పండగల్లో ఎల్లమ్మ కథ చెప్పుకొనే ప్రక్రియ ఇది. దాన్ని పాడే కులాలు వేరు, గర్భగుడిలో హారతి ఇచ్చే కులం వేరు. గుంటూరు సీమ నుంచి వచ్చిన నాజర్ బుర్రకథను రాజకీయ ప్రక్రియగా మార్చాడంటే, ఆయన ఆ జానపదుల నడుమ పుట్టి పెరిగినవాడే. పాణిగ్రాహి మాత్రం భాష దాటి, కులం దాటి వచ్చి జముకు పట్టాడు. శ్రీకాకుళం గిరిజన ఉద్యమ చరిత్రకారులు ఆయన మరణం గురించి రాసినంత ఈ దాటడం గురించి రాయలేదు. నాకు అది లోటుగానే కనబడుతుంది.

రోనెన్ ఇంటి దగ్గరే మొదలుపెట్టింది. 2005లో టెల్ అవీవ్‌లోని కామెరీ నాటకశాలకు చేసిన ‘ప్లోంటర్’లో యూదు నటులు, పాలస్తీనా నటులు కలిసి కూర్చుని నాటకం తయారుచేశారు. ప్రేక్షకులు లోపలికి వెళ్లే ముందు తనిఖీ కేంద్రంలో గుర్తింపు పత్రం చూపించాలి. టికెట్టు కొనుక్కుని వచ్చిన పెద్దమనిషిని, ఆక్రమిత ప్రాంతంలో పాలస్తీనావాడు రోజూ నిలబడే వరసలో నిలబెట్టిందన్నమాట. తర్వాత వచ్చిన ‘థర్డ్ జనరేషన్’ 2009లో బెర్లిన్ షౌబ్యూనె వేదికెక్కింది. హబీమా, షౌబ్యూనె కలిసి చేసిన ప్రదర్శన ఇది. ఇజ్రాయెలీలు, పాలస్తీనీయులు, జర్మన్లు, అంటే తాతల కాలపు నేరాలకూ గాయాలకూ మనవలు, ఒకే వేదిక మీద కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. మొదట్లోనే జర్మన్ నటుడు లేచి క్షమాపణలు మొదలుపెడతాడు. యూదులకు, ఇంకొకరికి, మరొకరికి, చివరికి కనబడ్డవాళ్లందరికీ. జనం పగలబడి నవ్వుతారు. ఆ నవ్వులోనే జర్మనీ యుద్ధానంతర మర్యాద అంతా చిరిగిపోతుంది. ఎవరిదీ తప్పని తేల్చదు, ఎవరిదీ ఒప్పని ఒప్పుకోదు. తీర్పు అడిగినవాడికి ఆమె ఇచ్చేది ఇంకో తగాదా.

పాణిగ్రాహి కథలో తీర్పు మొదటి పంక్తికే అయిపోతుంది. షావుకారు ఎవరో, భూస్వామి ఎవరో, కూలిపోయినవాడు ఎవరో జనానికి ముందే తెలుసు. కథకుడు కొత్తగా చెప్పాల్సింది ‘ఏం చెయ్యాలి’ అన్నదొక్కటే. దీన్ని ప్రచారమని తీసిపారేసే విమర్శకులు కొందరున్నారు. వాళ్లు ఎల్లమ్మ కథని ఎన్నడైనా శ్రద్ధగా విన్నారా అని నా అనుమానం. అందులోనూ ముగింపు అందరికీ తెలుసు. తెలిసిన కథను మళ్లీ తెలిసేలా చెప్పడంలోనే జముకు ప్రాణం ఉంది. కాగా రోనెన్ ప్రదర్శనకు ఊపిరి పోసేది తెలియనితనం. నటులు తాము ఏం ఒప్పుకోబోతున్నారో తమకే తెలియదన్నట్టు ఉంటారు. అలాగని పాణిగ్రాహి పద్ధతికి వెల లేకుండా పోలేదు. ఆయన పాడిన గిరిజన ఉద్యమం 1968 చివర్నుంచీ ఆయుధం పట్టింది, వర్గశత్రు నిర్మూలన పేరుతో మనుషుల్ని చంపింది. రాజ్యం అంతకు పదింతలు కొండల మీద విరుచుకుపడింది. తీర్పు ముందే ఇచ్చేసిన పాట పక్కన తుపాకీ కూడా నిలబడి ఉందని మరిచిపోయి ఆ కళను మెచ్చుకోవడం సగం నిజాయితీ.

అసలు ఆ కొండల్లో జరిగిందేమిటో ఉత్తరాంధ్ర పాఠకుడికి నేను చెప్పేదేముంది. 1967 అక్టోబర్ 31న గిరిజన సంఘం మహాసభకు మొండెంఖల్లు వెళ్తున్న వాళ్ల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు దాడి చేశారు. కోరన్న, మంగన్న చనిపోయారు. ఆ రెండు పేర్లు ఆ తర్వాత వచ్చిన ప్రతి పాటలోనూ, భూషణం ‘కొండగాలి’ వంటి రచనల నేపథ్యంలోనూ వినబడుతూనే ఉన్నాయి.

రోనెన్ దగ్గర దీనికి జోడీగా నిలిచేది 2014లో బెర్లిన్ మాక్సిమ్ గోర్కీ నాటకశాలలో చేసిన ‘కామన్ గ్రౌండ్’. షెర్మిన్ లాంగ్‌హాఫ్ ఆ నాటకశాల బాధ్యత తీసుకుని, వలస వచ్చినవాళ్లే ఈ నగరపు నటులు అన్న పట్టుదలతో కొత్త బృందాన్ని కట్టిన రోజులవి. పాత యుగోస్లావియా ముక్కల నుంచి పిల్లలుగా బెర్లిన్ చేరిన నటులను వెంటబెట్టుకుని రోనెన్ బోస్నియా వెళ్లింది. వాళ్లలో ఇద్దరు యువతులు. ఒకామె తండ్రి నిర్బంధ శిబిరంలో బలైనవాడు. ఇంకొకామె తండ్రి అలాంటి శిబిరంలోనే కాపలా కాసినవాడని తెలిసింది. వాళ్లిద్దరూ స్నేహితులు. వేదిక మీద ఇది చెప్పేది వాళ్లే, తమ నోటితో, సొంత పేర్లతో. రచయిత పేరు ఉండాల్సిన చోట ‘యాయెల్ రోనెన్, బృందం’ అని ఉంటుంది. మధ్యలో ఒక ఇజ్రాయెలీ నటి నిలబడి, మాకేం సంబంధం లేని యుద్ధం చూడ్డానికి వచ్చాం కదా, ఎంత హాయిగా ఉందో అన్న ధోరణిలో చురకలు వేస్తుంటుంది. రోనెన్ తన్ను తానే వేదిక మీదికి లాక్కొచ్చుకుని నవ్వులపాలు చేసుకునే తీరు అది. పరాయివాళ్ల దుఃఖాన్ని తాకడానికి నాకేం హక్కు ఉంది అన్న ప్రశ్నను ఆమె ప్రదర్శనలో ఒక పాత్రగా చేసేసింది. 2015 బెర్లిన్ థియేటర్‌ట్రెఫెన్ ఉత్సవానికి ఆ ప్రదర్శన ఎంపికైంది.

కోరన్న, మంగన్నల గురించి వాళ్ల పిల్లలు వేదికెక్కి మాట్లాడిన నాటకం నేనెరిగినంతలో మనకు లేదు. మన దగ్గర వాళ్ల తరఫున పాడినవాళ్లున్నారు. పాణిగ్రాహి అలా పాడినవాళ్లలో అందరికంటే దగ్గరగా వెళ్లాడు, వాళ్లతోపాటు కొండెక్కాడు, అక్కడే చనిపోయాడు. అయినా జముకుల కథ మైదానపు ప్రక్రియ, అందులోని తెలుగు మైదానపు తెలుగు. ఆ కొండల్లోని సవరల భాష ముండా కుటుంబానిది. కువి, కొండ భాషలు ద్రావిడ భాషలే అయినా తెలుగు కావు. అరకు శుక్రవారం సంతలో అరగంట తిరిగితే చాలు, అల్లం బేరం తెలుగులో మొదలై ఆదివాసీ ఒరియాలో తెగడం వినొచ్చు. పాణిగ్రాహికి పుట్టుకతో వచ్చిన ఒరియా ఆ సంతలో పనికొచ్చే భాషే. తన గొంతును మాత్రం ఆయన తెలుగు జముకుకే ఇచ్చాడు. అంతకు ముందు గిడుగు రామమూర్తి పర్లాకిమిడి నుంచి సవరల దగ్గరికి వెళ్లి, వాళ్ల భాష నేర్చుకుని వ్యాకరణమూ నిఘంటువూ రాశాడు. ఒకాయన పరాయి భాషను పుస్తకంలోకి తెచ్చాడు, ఒకాయన పరాయి ప్రక్రియలోకి తాను వెళ్లాడు. ఆ పనిలో ఇద్దరూ తమను ముందుకు తెచ్చుకోలేదు.

రోనెన్ ‘ద సిట్యుయేషన్’ (2015) మొత్తం ఇలాంటి సంతలోనే నడుస్తుంది. బెర్లిన్ నోయ్‌క్యోల్న్ పేటలో జర్మన్ నేర్పే తరగతి. విద్యార్థులు ఇజ్రాయెలీలు, పాలస్తీనీయులు, ఒక సిరియన్. పాఠం పేరిట ‘నువ్వెవరు, ఎక్కడినుంచి వచ్చావు’ అని పంతులు అడిగిన ప్రతిసారీ పశ్చిమాసియా అంతా తరగతిలో ఊడిపడుతుంది. విడిపోతున్న యూదు-పాలస్తీనా దంపతులు తమ బిడ్డ గురించి అక్కడే కొట్లాడుకుంటారు. చివరికి పంతులు కూడా కజకిస్తాన్ నుంచి పిల్లాడిగా వచ్చి పేరు మార్చుకున్న వలసవాడేనని బయటపడుతుంది. నటులు వచ్చీరాని జర్మన్‌లో తడబడటం ఇందులో లోపం కాదు, నాటకం ఆ తడబాటు మీదే నిలబడింది. మన నాటకాల్లో యాస ఇప్పటికీ హాస్యపాత్ర చేతికే చిక్కుతుంది. రోనెన్ దాన్ని కథానాయకుడికి ఇచ్చింది. 2016లో జర్మన్ విమర్శకులు దీన్ని ఆ ఏటి ఉత్తమ నాటకంగా ఎంచుకున్నారు.

ఆ తరగతిలో పాలస్తీనా యువతిగా నటించిన మరియం అబూ ఖాలెద్ జెనిన్ శరణార్థి శిబిరంలోని ఫ్రీడమ్ థియేటర్‌లో తయారైన నటి. ఆ నాటకశాలను నడిపిన జూలియానో మెర్ ఖమీస్ తల్లి యూదు, తండ్రి పాలస్తీనా క్రైస్తవుడు. ఆయన్ని 2011 ఏప్రిల్ 4న ఆ నాటకశాల బయటే కాల్చి చంపారు. రోనెన్‌నీ పాణిగ్రాహినీ ఒక త్రాసులో తూచేటప్పుడు, ఈమె క్షేమంగా సబ్సిడీ నాటకశాలలో కూర్చుంది, ఆయన ప్రాణమిచ్చాడు అని ముల్లు ఒకవైపు వాల్చేసేవాళ్లకు మెర్ ఖమీస్‌ని గుర్తుచెయ్యాలి. రోనెన్ వచ్చిన నాటకరంగం చావు తెలియనిది కాదు. అలాగే చావును కొలబద్దగా పెడితే పాణిగ్రాహి కవిత్వానికి కూడా అన్యాయమే చేస్తాం. బతికుండగా ఆయన ప్రేక్షకుడి దగ్గర సాధించినదాన్ని అమరత్వం పొగ కమ్మేసింది.

పాణిగ్రాహి పోయి ఏడు నెలలు నిండకముందే, 1970 జులై 10న, బడిపంతుళ్లుగా కొండెక్కిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం కూడా కాల్పుల్లో పోయారు. అదే ఏడు ఏజెన్సీ భూములు గిరిజనేతరుల మధ్య కూడా చేతులు మారకూడదన్న 1/70 చట్టం వచ్చింది. ఒక తరం పాటలు పాడి ప్రాణాలిచ్చి అడిగినదాంట్లో కొంత ప్రభుత్వం గెజెట్టులో అచ్చువేసింది. దాని అమలు సంగతి వేరే వ్యాసం. రోనెన్ నాటకం వల్ల మారిన చట్టం మాత్రం ఏదీ లేదు, ఆమె ఆశించినట్టూ లేదు.

ఆమె నాటకాలకు ఇంకో బలహీనత ఉంది. నటుల బతుకే పాఠం కాబట్టి ఆ నటులు లేకపోతే నాటకం లేదు. ‘థర్డ్ జనరేషన్’ను పదేళ్ల తర్వాత గోర్కీలో మళ్లీ చెయ్యాలంటే కొత్త నటులతో చాలామటుకు మళ్లీ కట్టాల్సి వచ్చింది. జముకుల కథ అలా కాదు. కథకుడు పోతే వంతపాడేవాడు ముందుకొస్తాడు, బాణీ తెలిస్తే చాలు. తనను చెరిపేసుకున్న కళకు ఉండే లాభం అది. తన పేరుతో నిలబడే కళకు ఉండే ధైర్యం ఇంకోటి, దానికి పరీక్ష 2023 అక్టోబర్‌లో వచ్చింది. హమాస్ దాడి జరిగిన రోజుల్లోనే గోర్కీ నాటకశాల ‘ద సిట్యుయేషన్’ ప్రదర్శనను వాయిదా వేసింది. తగాదాను నవ్వుతూ వినగలిగిన ప్రేక్షకుడు ఆ వారం బెర్లిన్‌లో లేడని వాళ్లు అనుకున్నారు. వాయిదాను పిరికితనమన్నవాళ్లున్నారు, మర్యాద అన్నవాళ్లున్నారు. నేను మాత్రం ఆ నాటకం ఆ వారమే ఆడాల్సిందనే అంటాను.

ఆ డిసెంబర్‌లో రోనెన్ షౌబ్యూనెలో ‘బకెట్ లిస్ట్’ పెట్టింది. ఇజ్రాయెలీ గాయకుడు ష్లోమి షబన్‌తో కలిసి కట్టిన సంగీత రూపకం, జ్ఞాపకాలు చెరిగిపోయిన మనిషి కథ. 2021లో వచ్చిన ‘స్లిప్పరీ స్లోప్’ నుంచే ఆమె మాటల తగాదాను తగ్గించి పాట వైపు జరుగుతూ వచ్చింది. పాటలో నటుడు తన పేరు చెప్పక్కర్లేదు. తన ఊరు, తన తండ్రి, తన నేరం చెప్పక్కర్లేదు. ఒక గొంతు పలుకుతుంటే వెనక నలుగురు అందుకుంటారు. ఉద్దానంలో జముకు మొదలైన చోటికే, వేరే దారిన, ఆమె వస్తోందనిపిస్తుంది నాకు. వచ్చి అక్కడ ఆగుతుందా అన్నది అనుమానమే. వంతపాడేవాళ్లలో ఎవడో ఒకడు పాట ఆపి ‘ఇది నీ కథేనా’ అని అడక్కపోతే ఆమెకు నిద్ర పట్టదు.