చాక్లెట్ పిచ్చుకగూళ్లు

బ్రిటన్‌లో ఈస్టర్ దగ్గరపడుతుందనగానే చిన్నపిల్లల బడుల్లో, చర్చి హాళ్లలో, ఇళ్లలో ఒక వంట మొదలవుతుంది. కరిగించిన చాక్లెట్‌లో కార్న్‌ఫ్లేక్స్ కలిపి, కాగితపు కప్పుల్లో చెంచాతో వేసి, నడుమ గుంట చేసి, అందులో రెండుమూడు చిట్టి చాక్లెట్ గుడ్లు పెడతారు. చల్లారేసరికి పక్షిగూడు తయారు. ఓవెన్ అక్కర్లేదు, పిండి కలపక్కర్లేదు. అందుకే చేయితిరిగిన వంటవాళ్లు దీన్ని పిల్లల ఆట కింద జమకట్టేస్తారు. నేను మాత్రం పండగ వంటల్లో దీన్ని ముందు వరసలో కూర్చోబెడతాను. అరిసెలు వండే రోజున కాగే నూనె దగ్గరికి పిల్లల్ని రానివ్వం. చేతిలో కాస్త చలిమిడి పెట్టి పక్కకు పంపేస్తాం. ఇక్కడ చాక్లెట్ కరిగేంతసేపు పెద్దవాళ్లు పక్కనుంటే చాలు, మిగతాదంతా ఐదేళ్ల పిల్ల తన చేతులతో చేసుకోగలదు. పండగ వంటను పిల్లలు చూస్తూ నిలబడటం వేరు, తామే వండి నలుగురికీ పంచడం వేరు.

గూడు కట్టే ఆచారం చాక్లెట్ కన్నా చాలా పాతది. ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజుల్ని మన చర్చిల్లో శ్రమల దినాలనీ, తపస్సు కాలమనీ పాటిస్తారు. మధ్యయుగపు ఐరోపాలో ఆ రోజుల్లో మాంసంతోపాటు గుడ్లు కూడా ముట్టేవారు కారు. అది కోళ్లు బాగా గుడ్లు పెట్టే వసంతకాలం. పండగనాటికి ఇంటినిండా గుడ్లు పోగయ్యేవి. వాటికి రంగులద్ది పిల్లలకు ఇచ్చేవారు. ఆ గుడ్లను ఒక కుందేలు తెచ్చి తోటల్లో, పొదల్లో దాచిపెడుతుందని జర్మన్ ప్రాంతాల్లో చెప్పుకునేవారని వైద్యుడు గియోర్గ్ ఫ్రాంక్ ఫాన్ ఫ్రాంకెనౌ 1682లోనే రాశాడు. అమెరికాలోని పెన్సిల్వేనియాకు వలసవెళ్లిన జర్మన్ల పిల్లలు ఆ కుందేలు కోసం తమ టోపీలతోనే గూళ్లు అమర్చేవారు.

గుడ్డు చాక్లెట్‌గా మారడం తర్వాతి కథ. బ్రిటన్‌లో బ్రిస్టల్‌కు చెందిన ఫ్రై కంపెనీ 1873లో, కాడ్బరీ 1875లో చాక్లెట్ గుడ్లు తెచ్చాయి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1942లో, మిఠాయిలకు రేషన్ పెట్టారు. అది 1953 ఫిబ్రవరి దాకా సాగింది. అన్నేళ్లూ చాక్లెట్ అంటే పిల్లలకు అపురూపమే. గూటిలో సరిగ్గా ఇమిడే, చక్కెర పెంకున్న చిట్టి గుడ్లను కాడ్బరీ 1967లో అమ్మడం మొదలుపెట్టింది. గుడ్డు ఫ్యాక్టరీ నుంచి వస్తుంది, కొని తింటాం. గూడు మాత్రం ఇప్పటికీ ఇంట్లో కట్టుకోవలసిందే.

పది పన్నెండు గూళ్లకు 100 గ్రాముల చాక్లెట్, 50 గ్రాముల వెన్న, మూడు పెద్ద చెంచాల గోల్డెన్ సిరప్, 80 నుంచి 100 గ్రాముల కార్న్‌ఫ్లేక్స్ సరిపోతాయి. ఒక గిన్నెలో కొద్దిగా నీళ్లు మరిగించి మంట ఆర్పేయండి. దాని మీద మరో గిన్నె ఉంచండి. పై గిన్నె అడుగు నీళ్లకు తగలకూడదు. చాక్లెట్, వెన్న, సిరప్ మూడూ కలిపే వేయాలి. మూడొంతుల్లో రెండొంతులు కరగగానే దించేసి, మిగిలిన ముక్కలు ఆ వేడికే కరిగేదాకా కలుపుతూ ఉండాలి. చాక్లెట్‌లోని కోకో వెన్న దాదాపు 34 డిగ్రీలకే కరిగిపోతుంది. అంటే మన ఒంటి వేడి కన్నా తక్కువ. నోట్లో వేసుకోగానే కరగడం అందువల్లే. ఇంత తక్కువ వేడి చాలినప్పుడు పెద్ద మంట ఎందుకు? 50 డిగ్రీలు దాటితే పాల చాక్లెట్ పలుకులు పలుకులుగా తయారవుతుంది.

వేడి కన్నా పెద్ద శత్రువు తడి. ఉత్త చాక్లెట్ కరిగేటప్పుడు రెండు చుక్కల నీళ్లు పడినా, అందులోని సన్నటి చక్కెర రేణువులు తడిసి ఒకదానికొకటి అంటుకుని మొత్తం ముద్దకట్టేస్తుంది. గిన్నె, చెంచా, పిల్లల చేతులు పొడిగా ఉండాలని పట్టుబట్టేది ఇందుకే. ముద్దకట్టిందని పారబోయకండి. నాలుగైదు చెంచాల వేడి పాలు పోసి కలిపితే చక్కటి సాస్ అవుతుంది, ఐస్‌క్రీమ్ మీదికి పనికొస్తుంది.

మిఠాయి దుకాణాల్లో చాక్లెట్ మెరవాలి, విరిస్తే టక్కున విరగాలి. కోకో వెన్న ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకట్టగలదు, వాటిలో ఒక్క రకంతోనే ఆ మెరుపు వస్తుంది. దాని కోసం వేడిని డిగ్రీలు లెక్కపెట్టి పెంచి, దించి, మళ్లీ పెంచుతారు. గూటికి ఆ శ్రమ అక్కర్లేదు. ఇక్కడ కరకర అంతా కార్న్‌ఫ్లేక్స్‌ది. చాక్లెట్ వాటిని కలిపి ఉంచితే చాలు. వెన్న దాన్ని పళ్లకు మెత్తగా ఉంచుతుంది. లండన్‌లో ఏబ్రమ్ లైల్ ఫ్యాక్టరీ 1880ల నుంచి అమ్ముతున్న గోల్డెన్ సిరప్‌లో చక్కెర కొంత గ్లూకోజ్‌గా, ఫ్రక్టోజ్‌గా విడిపోయి ఉంటుంది, అందుకని గడ్డకట్టదు. అది దొరక్కపోతే తేనె వేసుకోవచ్చు. బెల్లం పాకం వద్దు. ముదిరితే రాయవుతుంది, లేతదైతే అందులోని నీళ్లకు కార్న్‌ఫ్లేక్స్ మెత్తబడతాయి. వాటిని గరిటెతో చితక్కొట్టకుండా, అడుగు నుంచి పైకి తిప్పుతూ కలపాలి. కొందరు నలిపిన ష్రెడెడ్ వీట్ వాడతారు. గడ్డిపోచల్లా ఉండి చూపుకు అచ్చం గూడే, రుచికి మాత్రం నా ఓటు కార్న్‌ఫ్లేక్స్‌కే.

ఇది చల్లటి వసంతం ఉన్న దేశపు వంట. ఇంగ్లండ్‌లో బల్ల మీద వదిలేసినా గూడు గట్టిపడుతుంది. ఈస్టర్ మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య వస్తుంది, అప్పటికి విజయవాడలో, ఖమ్మంలో గది వేడికే చాక్లెట్ కరుగుతుంటుంది. ఎండదేశమైన ఆస్ట్రేలియాలో పిల్లల పుట్టినరోజులకు చేసే చాక్లెట్ క్రాకిల్స్‌లో అసలు చాక్లెట్టే ఉండదు. కోకో పొడి, చక్కెర పొడి, మరమరాల్లాంటి రైస్ బబుల్స్, వాటిని పట్టి ఉంచడానికి గట్టిపరిచిన కొబ్బరి కొవ్వు వేస్తారు. మన బజార్లో కాంపౌండ్ పేరుతో అమ్మే చాక్లెట్ కూడా కోకో వెన్నకు బదులు వేరే కొవ్వు వేసిందే. ఎండకు కాస్త తట్టుకుంటుంది, కానీ నోట్లో మైనంలా మిగులుతుంది. నేనైతే అసలు చాక్లెట్టే తెచ్చి ఫ్రిజ్‌ను నమ్ముకోమంటాను. కార్న్‌ఫ్లేక్స్‌కు బదులు వేయించి పూర్తిగా చల్లార్చిన పల్చటి అటుకులు చాలా బాగుంటాయి. చిట్టి గుడ్లు దొరకని ఊళ్లో జెమ్స్ బిళ్లలు ఉండనే ఉన్నాయి.

ఈస్టర్ తెల్లవారుజామున ఆరాధన ముగిశాక సండే స్కూలు పిల్లలకు పంచాలంటే శనివారం సాయంత్రమే చేయించండి. గుడ్లు చాక్లెట్ తడిగా ఉండగానే గుచ్చాలి, ఆరాక నిలవవు. మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. బయటికి తీశాక వెంటనే మూత తెరవకుండా పావుగంట ఆగండి. లేకపోతే గాలిలోని తేమ చల్లటి గూళ్ల మీద నీరుగా పట్టి కరకర పోతుంది. నాలుగేళ్లలోపు పిల్లల గూళ్లలో గుండ్రటి గుడ్లు వద్దు, గొంతుకు అడ్డంపడే ప్రమాదం ఉంది. సన్నగా తరిగిన మెత్తటి ఖర్జూరం పెట్టండి. కాగితపు కప్పు అడుగున కట్టిన పిల్ల పేరు ముందే రాసి ఉంచితే మంచిది. పొద్దున్న ఎవరి గూడు వాళ్లకే కావాలంటారు.