917 బంతుల లెక్క

1945 మార్చిలో బొంబాయి బ్రాబోర్న్ స్టేడియంలో జరిగిన రంజీ ఫైనల్లో హోల్కర్ లెగ్ స్పిన్నర్ సి.ఎస్. నాయుడు 152.5 ఓవర్లు వేశారు. 917 బంతులు, 428 పరుగులు, 11 వికెట్లు. ఒక ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లో అన్ని బంతులు వేసినవారు నేటికీ మరొకరు లేరు. నాగపూర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబపు బిడ్డ కాబట్టి ఆ అంకెను మనం గర్వంగా చెప్పుకుంటాం. గర్వించదగ్గదే. కానీ విడదీసి చూడండి. మొదటి ఇన్నింగ్స్‌లో 64.5 ఓవర్లలో 153 పరుగులిచ్చి ఆరుగురిని పడగొట్టిన చెయ్యి, రెండో ఇన్నింగ్స్‌లో 88 ఓవర్లు వేసి, 275 పరుగులిచ్చి ఐదుగురినే పడగొట్టింది. ఒక్కో వికెట్ ఖరీదు రెట్టింపు దాటింది. ప్రత్యర్థి బొంబాయి ఆ ఇన్నింగ్స్‌లో 764 కొట్టింది. డెనిస్ కాంప్టన్ అజేయంగా 249 చేసినా హోల్కర్ 374 పరుగుల తేడాతో ఓడింది. కెప్టెన్ స్వయానా అన్నగారు సి.కె. నాయుడు. ఆయన్ని నిందించడం నా ఉద్దేశం కాదు. అలిసిపోయానని బౌలర్ అనడు, అననంతవరకూ కెప్టెన్ బంతి చేతికిస్తూనే ఉంటాడు. ఆ అలవాటు మీదే నా అభ్యంతరం.

అమెరికా బేస్‌బాల్‌లోనూ ఇదే జరిగింది. షికాగో వైట్ సాక్స్ పిచర్ ఎడ్ వాల్ష్ 1908లో 464 ఇన్నింగ్స్ విసిరి 40 మ్యాచ్‌లు గెలిపించాడు. 1912లో మళ్లీ 393 ఇన్నింగ్స్. మరుసటి ఏడాది వంద కూడా విసరలేకపోయాడు. పిచర్ భుజం వేరు, స్పిన్నర్ మణికట్టు వేరు అంటారు, సి.ఎస్. ఆ తర్వాతా ఏళ్ల తరబడి ఆడి, మొత్తం 647 ఫస్ట్‌క్లాస్ వికెట్లు తీశారు కదా, చేతికేమైందని అడుగుతారు. నిజమే, చెయ్యి విరగలేదు. విరగడానికి చాలా ముందే పదును పోతుంది. మొత్తం 2078 పరుగులు పారిన పిచ్ మీద ఎవరి పదునైనా పోయేదేనన్న మాటా ఒప్పుకుంటాను. అలాంటి పిచ్ మీదే బౌలర్‌ని మరింత కాచుకోవాలి.

కాచుకోవాలంటే హద్దు కావాలి. దాని విలువ కువైట్‌లోని వఫ్రా తోటల్లో పనిచేసే మనవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదన్న కువైట్ నిబంధన, నీకు ఓపికుందా అని కూలీని అడగదు. క్రికెట్‌లోనూ టీ20 బౌలర్‌కు 4 ఓవర్ల హద్దుంది, చాలదా అనవచ్చు. ఆ లెక్క మ్యాచ్‌కు, మనిషికి కాదు. వారమంతా తోటల్లో నడుం వంచిన కుర్రాడు ఒకే శుక్రవారం రెండు మ్యాచ్‌లు ఆడితే హద్దు రెట్టింపవుతుంది. అమెరికా లిటిల్ లీగ్‌లో 11, 12 ఏళ్ల పిల్లలకు రోజు లెక్క పెట్టారు: 85 బంతులు దాటకూడదు, 66కు చేరితే నాలుగు రోజులు విశ్రాంతి. మన స్కోరు పుస్తకంలోనూ బౌలర్ పేరు పక్కన ఆ రోజు మొత్తం బంతులు రాయాలి. ఆ అంకె చూసి ఆపే బాధ్యత కెప్టెన్‌ది.