అకారాది క్రమం, డేటాబేస్ నియమాలు: తిరువూరు గ్రామనామాల ఆధారంగా ఒక పరిశీలన

నిఘంటువులో ఆరోపాల వరుస పాఠకునికి సహజంగా కనిపిస్తుంది. ఆ సహజత్వం వెనుక సంపాదకుని నిర్ణయాలుంటాయి. పూర్ణానుస్వారాన్ని ఎక్కడ చేర్చాలి, అరసున్నను లెక్కించాలా విడిచిపెట్టాలా, శకటరేఫను రేఫ పక్కన నిలపాలా చివరకు పంపాలా అన్న ప్రశ్నలు 1852 నాటి బ్రౌన్ నిఘంటువుకైనా, 1885 నాటి శబ్దరత్నాకరానికైనా తప్పనివే. నేడు పదసూచికలు, పద్యానుక్రమణికలు, గ్రామనామ సంకలనాలు రిలేషనల్ డేటాబేస్‌లలో రూపొందుతున్నాయి. అక్కడ ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పేది కొలేషన్ అని వ్యవహరించే అక్షరక్రమ నియమావళి. దానిని పరిశోధకుడు ఎంచుకోకపోతే డేటాబేస్ తనకు తానే ఒకదానిని వర్తింపజేస్తుంది. కనుక కొలేషన్ ఎంపిక సాంకేతిక నిపుణునికి వదిలివేయదగినది కాదు. అది పరిష్కర్త బాధ్యతలో భాగం.

ఎన్టీఆర్ జిల్లా తిరువూరు మండలంలోని కొన్ని గ్రామాల పేర్లతో ఈ విషయాన్ని పరీక్షించవచ్చు. చింతలపాడు, చిట్టేల అనే రెండు పేర్లలో ఏది ముందు? సున్నను స్వతంత్ర వర్ణంగా భావించి అచ్చుల తరువాత, హల్లులకు ముందు నిలిపితే చింతలపాడు ముందు వస్తుంది. తకారానికి ముందున్న సున్నను దాని ఉచ్చారణను బట్టి నకారంగా గ్రహిస్తే, టకారం తరువాతిదే నకారం కాబట్టి చిట్టేల ముందుకు వస్తుంది. మొదటిది లిపిని, రెండవది ధ్వనిని అనుసరించిన క్రమం. రెండింటికీ శాస్త్రీయమైన ఆధారం ఉంది. ఒకే సూచికలో రెండూ కలిస్తే మాత్రం పాఠకుడు దారి తప్పుతాడు.

‘సి’ అనే పేరుగల కొలేషన్‌లో యూనికోడ్ సంకేతసంఖ్యల వరుసే అకారాది క్రమంగా చెలామణి అవుతుంది. ఆ పట్టికలో సున్న అచ్చులకన్నా ముందుంది. అయినా పై ఉదాహరణలో ఫలితం లిపిక్రమంతో ఏకీభవిస్తుంది. ఈ ఏకీభావం అన్నిచోట్లా నిలవదు. బాలశిక్షలు నేర్పే వర్ణమాలలో ళకారం హకారం తరువాతిది. యూనికోడ్‌లో అది లకారానికీ వకారానికీ నడుమ ఉంది. అందువల్ల సంకేతసంఖ్యల వరుసలో ‘కళ’ ముందు, ‘కవి’ తరువాత వస్తాయి. వర్ణమాల ప్రకారం ‘కవి’ ముందు రావాలి. క్షకారాన్ని వర్ణమాల చివరి అక్షరాలలో ఒకటిగా చెబుతుంది. యూనికోడ్‌లో అది కకారం, పొల్లు, షకారాల కలయిక మాత్రమే. సంకేతసంఖ్య అక్షరానికి చిరునామా. దానిని అక్షరం స్థానంగా పొరబడటం ఇక్కడి మూలదోషం.

ఇతర వ్యవస్థల స్థితి కూడా గమనార్హం. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ తెలుగును పలు భారతీయ భాషలతో కలిపి ‘ఇండిక్ జనరల్’ అన్న ఉమ్మడి పేరు కింద చేర్చింది. మైఎస్‌క్యూఎల్ 8.0 కొన్ని భాషలకు ప్రత్యేక కొలేషన్లను ఇచ్చినా వాటిలో తెలుగు లేదు. పోస్ట్‌గ్రెస్ 10వ సంచిక (2017) నుంచి ఐసీయూ గ్రంథాలయం ద్వారా తెలుగు కొలేషన్‌ను అందిస్తోంది. 16వ సంచిక (2023) నుంచి వాడుకరి సొంత నియమాలను రాసుకునే వీలు కల్పించింది. హకారం తరువాత ళకారం రావాలని ఒక్క పంక్తిలో ఇప్పుడు నిర్దేశించవచ్చు. సాధనం సిద్ధంగా ఉంది; ఏ నియమం రాయాలో నిర్ణయించవలసినది తెలుగు పరిశోధకులు.

క్రమంకన్నా సున్నితమైన ప్రశ్న సమానత్వం. ఎర్రమాడు అనే గ్రామనామాన్ని ప్రాచీన లేఖనపద్ధతిని అనుసరించి ‘ఎఱ్ఱమాడు’ అని కూడా రాయవచ్చు. మునుకుళ్ళ, మునుకుళ్ల రెండూ వాడుకలో కనబడే రూపాలే. ఇవి ఒకే ఊరి పేర్లని మనిషికి తెలుసు. డేటాబేస్ వాటిని వేర్వేరుగా లెక్కిస్తే గ్రామాల సంఖ్యే తప్పుతుంది. పోస్ట్‌గ్రెస్ 12వ సంచిక (2019) నుంచి భిన్నలిపి రూపాలను సమానంగా గుర్తించే కొలేషన్లు సాధ్యమయ్యాయి. రేఫ, శకటరేఫలు సమానమని నియమిస్తే ఎర్రమాడు సమస్య తీరుతుంది. కానీ అదే నియమం కావ్యపదసూచికకు వర్తిస్తే ఏనుగు అనే అర్థం గల ‘కరి’, నలుపు అనే అర్థం గల ‘కఱి’ ఒకే పదంగా లెక్కకు వస్తాయి. రేఫ శకటరేఫల ప్రాసమైత్రిని లాక్షణికులు సాధారణంగా అంగీకరించలేదు. ఆ కట్టుబాటును ఒక కవి ఎంతవరకు పాటించాడన్నది పాఠనిర్ణయంలో ఉపకరించే ఆధారం. గ్రామనామాలకు మేలు చేసిన సమానత్వం అక్కడ ఆ ఆధారాన్ని చెరిపివేస్తుంది.

అందుచేత మూలపాఠాన్ని మార్పు లేకుండా భేదాలను కాపాడే కొలేషన్‌తో నిల్వ చేసి, సమానత్వ నియమాన్ని అవసరమైన ప్రశ్నకు మాత్రమే వర్తింపజేయడం ఉత్తమం. ఒకే నిలువుపట్టీని వేర్వేరు ప్రశ్నలలో వేర్వేరు క్రమాలలో చదివించే వీలు ఆయా వ్యవస్థలలో ఉంది. ళ్ళ, ళ్ల వంటి లేఖనభేదాలకు ప్రామాణిక రూపాన్ని వేరొక నిలువుపట్టీలో నమోదు చేయవచ్చు.

మూడవ అంశం కాలం. నియమావళులు కూడా మారుతుంటాయి. లినక్స్ వ్యవస్థలలోని జీలిబ్‌సీ 2.28వ సంచిక (2018) అక్షరక్రమ నియమాలను విస్తృతంగా మార్చింది. పాత క్రమంలో కట్టిన ఇండెక్స్‌ను కొత్త క్రమంలో వెతికితే పట్టికలో ఉన్న పదమే లేదన్న సమాధానం రావచ్చు; ఒకే పదం రెండుసార్లు చేరకూడదన్న కట్టడి కూడా సడలవచ్చు. ఇండెక్స్‌ను తిరిగి నిర్మించడమే దీనికి పరిష్కారం. దోషసూచన లేకుండా ఆరోపం అదృశ్యమైతే, ‘ఈ పదం ఈ కావ్యంలో లేదు’ అన్న నిర్ధారణ పరిశోధనలో సత్యంగా స్థిరపడే ప్రమాదం ఉంది.

తాళపత్రాలను పరిష్కరించే పండితుడు తాను గ్రహించిన ప్రతులను, పాఠాంతరాలను పీఠికలో ప్రకటిస్తాడు. డేటాబేస్ ఆధారంగా వెలువడే సూచికకూ అదే మర్యాద వర్తించాలి. ఏ కొలేషన్, దాని ఏ సంచిక, సున్న, శకటరేఫ, ళకార, క్షకారాల విషయంలో ఏ నిర్ణయం అన్నవి పీఠికలో చోటు చేసుకోవాలి. వాటిని ప్రకటించిన సూచికలోని తప్పును మరొక పరిశోధకుడు సరిదిద్దగలడు. ప్రకటించని సూచికలో తప్పు ఉందని తెలిసే మార్గమే ఉండదు.