తీరిక ఎవరి సొత్తు?

విద్యార్థి రచయితల ప్రసక్తి వచ్చినప్పుడల్లా రెండు మాటలు వినిపిస్తాయి. "చదువుతోనే సరిపోతున్నది, సాహిత్యానికి తీరిక ఎక్కడిది?" అనేది విద్యార్థి మాట. "మనసుంటే మార్గముంటుంది, తెల్లవారుజామున లేచి వ్రాసుకో" అనేది పెద్దల మాట. మొదటిది ఫిర్యాదు, రెండవది హితోపదేశం. రెండింటికీ పునాది మాత్రం ఒక్కటే. కాలం ఎవరికి వారి సొంత ఆస్తి అనీ, దానిని పొదుపుగా వాడుకున్నవాడు రచయిత అవుతాడనీ, దుబారా చేసినవాడు కాలేడనీ ఇద్దరూ అనుకుంటున్నారు. గోదావరి సీమ సాహిత్యచరిత్ర ఈ నమ్మకాన్ని బలపరచదు. ఇక్కడ చిన్ననాటినుంచి సాహిత్యంలో తిరిగినవారికి దక్కిన తీరిక వెనుక మరొకరి శ్రమ ఉన్నది. ఆ శ్రమను రచయిత గుర్తించాడా, గుర్తించి ఏమి చేశాడు అన్నదే విమర్శకుడు వెయ్యవలసిన ప్రశ్న.

చిలకమర్తి లక్ష్మీనరసింహంగారిని (1867–1946) తీసుకుందాం. రాజమండ్రిలో చదువుకునే నాటికే ఆయనకు చూపు తక్కువ, పైగా రేచీకటి. పొద్దు గూకిన తరువాత దీపం ఉండి ప్రయోజనం లేదు. పుస్తకం ఇంకొకరు చదవాలి, ఆయన వినాలి. తెల్లవారుజామున లేవమనే హితోపదేశం ఇటువంటి విద్యార్థికి ఏ విధంగానూ పనికిరాదు. ఆయనకు కావలసింది నాలుగు గడియల తీరిక కాదు, ఎదుట కూర్చుని చదివిపెట్టే మనిషి. విద్యార్థి దశ దాటీ దాటకముందే, 1889లో, ఆయన హనుమంతరావు నాయుడుగారి నాటక సమాజం కోసం 'కీచకవధ' వ్రాశారు. తరువాత చూపు పూర్తిగా పోయాక చెప్పి వ్రాయించారు. అంటే ఆయన సాహిత్యజీవితం యావత్తూ రెండు జతల కళ్ల మీద నడిచింది.

ఆ పౌరాణిక నాటకాలలో ఈ ఋణం జాడ కనిపించదు. అది కనిపించేది వేరే చోట. 1909లో ఆయన రాజమండ్రిలో అస్పృశ్యులుగా ఉంచబడిన పిల్లల కోసం బడి పెట్టారు. చదువు ఒకరి సాయం లేనిదే అందదని అనుభవం మీద తెలిసినవాడు చెయ్యదగిన పని అది. ఆయన 'గణపతి' నవలను కూడా ఈ దృష్టితో మళ్లీ చదవాలి. అందులో కథానాయకుడికి కావలసినంత తీరిక ఉన్నది, చదువు మాత్రం లేదు. అటువంటివాడే చివరకు పల్లెటూరిలో పిల్లలకు పంతులై కూర్చుంటాడు. మనం నవ్వుకుని వదిలేసిన ఆ నవలలో, తీరిక పుట్టుకతో వచ్చిన కులం దానిని ఎట్లా వ్యర్థపరచిందో చెప్పే విమర్శ ఉన్నది.

రెండవవారు శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు (1891–1961). అనపర్తి దగ్గర పొలమూరులో వైదిక కుటుంబంలో పుట్టారు. ఆ ఇంట చదువంటే సంస్కృతం. తెలుగు కావ్యాలు పట్టుకోవటం, తెలుగులో కవిత్వం చెప్పటం చదువు చెడగొట్టుకోవటమే. ఆ నిషేధం మధ్య తెలుగు ఎట్లా నేర్చుకున్నదీ 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ'లో చెప్పుకున్నారు. నేటి విద్యార్థి పాఠ్యపుస్తకం చాటున నవల చదవటం వంటిదే ఇది. ఆనాటి సంస్కృత విద్యార్థుల జీవితంలో మరొక అంశం కూడా ఉన్నది. వారు గురువుగారి దగ్గర చదువుకుంటూ, వారాలు చేసుకుని, రోజుకొక ఇంట భోజనం చేసేవారు. దీనిని మనం గృహస్థుల ఔదార్యంగా వర్ణించటం అలవాటు చేసుకున్నాము. కాని తెల్లవారకముందే మడికట్టుకుని ఆ అన్నం వండినది ఎవరు? ఇంటి ఆడవాళ్లు. వారిలో ఎక్కువమందికి అక్షరం దక్కలేదు. శాస్త్రం వల్లించిన విద్యార్థి తీరిక, అక్షరం రాని ఆ స్త్రీ శ్రమలోనుంచి వచ్చింది.

శ్రీపాదవారి గొప్పతనం ఈ విషయాన్ని కథలోకి తేవటంలో ఉన్నది. 'అరికాళ్లకింద మంటలు' కథలో బాలవితంతువుకు ఇంట్లో ప్రతి ఒక్కరూ పని పురమాయించేవారే. ఒక పిలుపు పూర్తికాకముందే మరొక పిలుపు. కథ చాలావరకు ఆ పిలుపులతోనే నడుస్తుంది. ఆమెకు తనదంటూ ఒక్క నిమిషం లేదని రచయిత వ్యాఖ్యానించనక్కరలేకుండా సంభాషణలే రుజువు చేస్తాయి. ఆ అమ్మాయి చివరకు వెతుక్కునేది వీరేశలింగంగారి తోట దారి. శ్రీపాదవారి శైలిని మెచ్చుకునేవారు ఆయన తెలుగు తియ్యదనాన్ని గురించి చెప్పి ఊరుకుంటారు. ఆ తెలుగు వంటింటిలోనుంచి, అరుగుల మీదనుంచి వచ్చిందనీ, ఆయన ఋణం తీర్చుకున్నది ఆ భాషను అచ్చులోకి ఎక్కించటం ద్వారానేననీ కూడా చెప్పాలి.

మూడవవారు బోయి భీమన్నగారు. కోనసీమలోని మామిడికుదురులో, 1911లో, నిరుపేద దళిత కుటుంబంలో పుట్టారు. ఆయన 'పాలేరు' నాటకంలో సమస్య మరింత తేటగా ఉన్నది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత డెల్టాలో పని కాలువను బట్టి సాగింది. సార్వా ఊడ్పులు, కోతలు, ఆపైన దాళ్వా. ఈ పంచాంగంలో పాలేరు పిల్లవాడి పొద్దు మొదటినుంచి చివరిదాకా కామందుది. అతడు తీరిక మిగుల్చుకోవటమనే ప్రశ్నే లేదు, ఎందుకంటే అతడి కాలం ముందే అమ్ముడుపోయింది. అటువంటి కుర్రవాడు చదువుకుని డిప్యూటీ కలెక్టరు కావటం నాటకంలోని ఇతివృత్తం. దానిని చూసి పశువుల పాకలు వదిలి బడికి పోయిన పిల్లలున్నారని చెప్పుకుంటారు. తెలుగు నాటకానికి అంతకన్న మంచి ప్రశంస అరుదు.

అయినా ఒక లోపం ఎత్తిచూపక తప్పదు. ఒక్క కుర్రవాడు ఉద్యోగి అయితే అతడు వదిలిన పశువుల వెనుక మరొక కుర్రవాడు వచ్చి నిలబడతాడు. కామందు చేతిలోని కాలం కామందు చేతిలోనే ఉంటుంది. నాటకం వ్యక్తి విముక్తి దగ్గర ఆగింది. ఐతే తీరికను ఆస్తి సమస్యగా రంగస్థలం మీద నిలబెట్టిన ఘనత దానికి ఉన్నది.

ఈ చిక్కు మనకు మాత్రమే ప్రత్యేకం కాదు. గోర్కీ బాల్యంలో వోల్గా నది మీద స్టీమరులో అంట్లు కడిగేవాడు. స్మూరీ అనే వంటవాడు అతడిని పిలిచి పుస్తకం చదివించుకునేవాడు. అప్పుడు ఆ అంట్లు ఇంకొకరి మీద పడేవి, వాళ్లు విసుక్కునేవారు. తన ఆత్మకథలో గోర్కీ వంటవాడి మంచితనంతోపాటు ఆ విసుగును కూడా దాచకుండా వ్రాశాడు. మార్క్సు 'పెట్టుబడి' (1867) మొదటి సంపుటంలో పనిదినంపై ఒక పెద్ద అధ్యాయమే వ్రాయటానికి కారణం ఇదే. గంటల కోసం జరిగే పోరు వర్గపోరాటంలో భాగం.

నేడు పరిస్థితి ఏమిటి? డెల్టాలో ట్రాక్టర్లూ కోత యంత్రాలూ వచ్చాయి. పాలేరుతనం పాత రూపంలో లేదు. కాని రెసిడెన్షియల్ ఇంటర్మీడియట్ కళాశాలలో తెల్లవారుజామునుంచి రాత్రి దాకా గంట కొట్టి చదివిస్తున్నారు. అక్కడ కథల పుస్తకం దొరికితే నేరం. ఫీజు కోసం సాయంత్రాలు పనికి పోయే డిగ్రీ విద్యార్థి ఉన్నాడు. కళాశాలనుంచి రాగానే వంటింట్లోకి పోవలసిన విద్యార్థిని ఉన్నది. శ్రీపాదవారి కథలోని పిలుపులు ఆమెకు కొత్తవి కావు. మిగిలిన కాస్త సమయాన్ని లాగుకోవటానికి సెల్‌ఫోను సిద్ధంగా ఉన్నది. అది లాగుకున్న ప్రతి గంటా ఎవరికో లాభంగా మారుతున్నది.

కనుక వ్యక్తిగత క్రమశిక్షణ అక్కరలేదని కాదు. రోజుకు పది పేజీలు చదవటం, ఒక పేజీ వ్రాయటం ఎవరికైనా మంచిదే. అది ఉన్న కాలాన్ని సద్వినియోగం చేస్తుందే గాని లేని కాలాన్ని పుట్టించదు. కాలాన్ని పుట్టించేది సమష్టి కృషి. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడినప్పుడు దాని వెనుక ఉన్న ఆలోచన ఇదే. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం వంటివి ఆ కృషి మిగిల్చిన ఆస్తి. గ్రంథాలయాలు సాయంత్రం పని ముగించుకు వచ్చేవారికి తెరిచి ఉండాలనీ, వసతిగృహాలలో సాహిత్య పుస్తకాలు ఉండాలనీ, ఉపకార వేతనాలు వేళకు అందాలనీ అడగటం సాహిత్యానికి బయటి విషయం కాదు. ఉపాధ్యాయులు కూడా వారానికి ఒక పాఠం గంటను కథకో కవితకో కేటాయించగలరు.

విద్యార్థి రచయిత తనకు చిక్కిన గంటను ఎక్కడనుంచి వచ్చిందో విచారించాలి. అన్నం వండిన తల్లి, ఫీజు కట్టిన కూలి, తన బదులు పనికి పోయిన తమ్ముడు ఆ గంటలో భాగస్వాములు. వారి జీవితం ఆ గంటలో వ్రాసిన కథలోకి రావాలి. వారికి కూడా ఒక గంట దక్కటం కోసం జరిగే పోరులో రచయిత నిలబడాలి.