రూళ్ల పుస్తకం

రిజిస్టర్లతో నా పోరు ఈ కాలమ్ చదివేవారికి కొత్త కాదు. అంగన్‌వాడీ నుంచి ఆసుపత్రి దాకా రాతపని మనుషుల్ని మింగేస్తోందని ఎన్నిసార్లు మొత్తుకున్నానో! అలాంటిది, పక్కింటి మామ్మగారిని చూడటానికి వచ్చే రిటైర్డ్ హెడ్ నర్సు ఆ ఇంటి కోడలికి రూళ్ల పుస్తకం ఇచ్చి, "జరిగిందల్లా రాయమ్మా" అన్నారని తెలిసి ఒళ్లు మండింది. రాత్రిళ్లు కునుకు లేని మనిషికి హోంవర్కా?

మామ్మగారికి 80 దాటాయి. అల్జీమర్స్. పొద్దువాలితే చేతిసంచి పట్టుకుని "మా ఇంటికి పోతా" అని గుమ్మం దగ్గర నిలబడతారు. "ఇదే కదా అత్తయ్యా మీ ఇల్లు" అంటే కోపం. స్నానమంటే కేకలు.

సిస్టరు గారు రాయించినవి మూడే: గొడవకు ముందేమైంది, ఆవిడేం చేశారు, మీరేం చేశారు. నాలుగు పేజీలు నిండేసరికి సంగతి తేలింది. కేకలన్నీ నెత్తిన నీళ్లు పోసినప్పుడే! ఇప్పుడు భుజాలకు తువ్వాలు కప్పి, పాదాల నుంచి మొదలుపెడుతున్నారు. సాయంత్రం వాదన మాని, కాఫీ ఇచ్చి, "మీ ఇంట్లో ఎవరెవరుంటారు?" అని కబుర్లలో పెడుతున్నారు.

మొన్న మామ్మగారు ఉన్నట్టుండి గోడ మీద ఎవరో ఉన్నారనసాగారు. జబ్బు ముదిరిందని ఇంట్లో ఏడుపులు. సిస్టరు గారు పుస్తకం తిరగేసి, రెండు రోజులుగా మాటిమాటికీ బాత్రూమ్‌కి వెళ్తున్నారని పట్టుకుని, మూత్ర పరీక్ష చేయించమన్నారు. ఇన్‌ఫెక్షన్. డాక్టరు మందిచ్చాక మనిషి తేరుకున్నారు. డిమెన్షియా అలా రాత్రికి రాత్రి ముదరదట. హఠాత్తుగా మారితే ఇన్‌ఫెక్షనో, మలబద్ధకమో, నొప్పో, కొత్త మాత్రో వెతకాలట.

బ్రిటన్‌లో ఇందుకు అడ్మిరల్ నర్సులున్నారు. డిమెన్షియా బారినపడిన జోసెఫ్ లెవీకి పడవలంటే ప్రాణం, ముద్దుపేరు అడ్మిరల్ జో. ఆ పేరే వీళ్లకు పెట్టారు. రోగితోపాటు ఇంటివాళ్లను కూడా కనిపెట్టుకోవడం వాళ్ల ఉద్యోగం. మన దేశంలో 60 దాటినవారిలో 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అంచనా. చాకిరీ మాత్రం కోడళ్లకూ కూతుళ్లకూ వదిలేశాం.

పైఅధికారికి పంపే రాత మీద నా పోరు ఆగదు. మంచం పక్కన పనికొచ్చే రాత వేరు. దాన్ని రాయించడం, చదవడం నేర్చిన నర్సులు కావాలి. బీపీ, షుగరు చూసే నర్సుకే ఈ శిక్షణ ఇచ్చి, వారానికొక పూట ఇళ్లకు పంపండి. నర్సమ్మల ఓర్పును పొగిడింది చాలు. ఆ పూటకు జీతం కట్టండి.